రక్తముపై నెపము

లోకములో కొట్టినవాఁడెవ్వఁడును కొట్టినది తానని యొప్పుకొనఁడు. పూర్వము వాని పక్షమున గ్రహచారము సాక్ష్యము పలికెడిది. కలికాలము వకాల్తా పట్టెడిది. పూర్వజన్మకర్మము పూచీ వహించెడిది. ఇప్పుడు చదువు పెరిగినది. గ్రహములు పోయి గ్రంథులు వచ్చినవి. కర్మము పోయి జన్యువు వచ్చినది. భార్యను కొట్టిన భర్త "మగపుట్టుక, రక్తము వేఁడి" యని సమాధానము చెప్పుకొనును. వాని తల్లి "మావాఁడు చిన్ననాఁటినుండియు కోపిష్ఠి, అంతయు తండ్రిపోలిక" యని వంత పాడును. పట్టపరీక్షలో తేఱిన వాని తమ్ముఁడు "పరిణామవాదము చెప్పుచున్నదియు నిదియే" యని ముద్ర వేయును. దెబ్బ తిన్నది మాత్రము వంటయింటి మూల కూర్చుండి కన్నీరు తుడుచుకొనుచుండును. సాకునకు పేరు మాఱినది కాని, అది చేయు పని మాఱలేదు. విద్యావంతుల యిండ్లలో వ్యాపించుచున్న ఈ క్రొత్త సాకును పరీక్షించి, అందలి సత్య మెంతయో, అసత్య మెంతయో తేల్చుటకే మేమీ వ్యాసమునకు పూనుకొన్నాము.

ముందుగా ప్రతిపక్షుల వాదమును న్యాయముగా చెప్పవలెను. 1859లో డార్విను జీవజాతుల పుట్టుకనుగూర్చి తన గ్రంథమును ప్రకటించినది మొదలు, మానవుఁడును జంతుకోటిలోనివాఁడే యని బుద్ధిమంతు లెఱుఁగుదురు. కోపము వచ్చినపుడు మెదడులో బాదముపప్పు ఆకారమున నున్న అమిగ్డాల యను భాగము మేల్కొనును. మూత్రపిండములపై నున్న గ్రంథులు అడ్రినలిను అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును. కండలకు రక్తము పరుగెత్తును. పురుషులలో టెస్టోస్టిరోను అను రసము స్త్రీలకంటె పెక్కురెట్లు అధికము. లోకమున హత్యలు చేసినవారిలో నూటికి సుమారు 90 మంది పురుషులని ఐక్యరాజ్యసమితివారి లెక్క. టాంజానియాలోని గోంబే యడవిలో ఒక చింపాంజీగుంపు పొరుగుగుంపులోనివానిని ఒక్కొక్కదానినే వెదకి చంపుటను 1974 మొదలు 1978 వఱకు జేన్ గూడాల్ పరివారము కన్నులార చూచిరి. ఇవన్నియు నిజములే. వీనిని కాదనువాఁడు శాస్త్రమునకు ద్రోహము చేసినవాఁడగును.

మా వివాదము ఈ సత్యములతో కాదు. వీనినుండి తీయఁబడుచున్న తీర్పుతో. "ఇది దేహములో నున్నది, కావున మాన్పరానిది, కావున మన్నింపఁదగినది" — ఇట్లు మూఁడు మెట్లు కట్టుచున్నారు. ఇందు మొదటి మెట్టు మాత్రమే శాస్త్రజ్ఞులు కట్టినది. తక్కిన రెండును సాకు కావలసినవారు స్వయముగా వేసికొన్నవి. ఆఁకలియు దేహములోనిదే. అయినను పొరుగువారి వంటయింటిలో దూఱి కుండ ఖాళీచేసినవానిని, ఆఁకలి సహజమేకదా యని విడిచిపెట్టుచున్నామా? నిద్రయు దేహధర్మమే. అయినను కాపలా కాయవలసిన వేళ నిద్రించిన రైలు ఉద్యోగిని ఎవ్వరును మన్నింపరు. దేహధర్మ మను మాట ఒక్క దెబ్బ విషయమునందే క్షమాపణపత్రముగా పనిచేయుట యేల?

ఈ కోపము నిజముగా గ్రుడ్డిదేనా యని మొదట విచారింతము. వరద గ్రుడ్డిది, అది ధనికుని మేడ యనియు పేదవాని గుడిసె యనియు చూడదు. రక్తపు పొంగే మనుష్యునిచేత కొట్టించుచున్నచో, అదియు నట్లే యెదుట నున్నవారి నెల్లరను కొట్టింపవలెను. కాని జరుగుచున్న దేమి? కచేరిలో పై యధికారి పదిమందిలో చీవాట్లు పెట్టినపుడు చేతులు కట్టుకొని "చిత్తము" అన్న గుమాస్తాయే, సాయంకాల మింటికి వచ్చి చారులో ఉప్పు తక్కువైనదని కంచము విసరుచున్నాఁడు. పగటివేళ ఆ గ్రంథులన్నియు నెక్కడ నిద్రించినవి? అధికారిని చూచి చల్లాఱి, భార్యను చూచి కాఁగు రక్తము ఎంత లోకజ్ఞానము కల రక్తము! మన పెద్దలు ఈ మర్మమును ఏనాఁడో కనిపెట్టి, అత్తమీఁది కోపము దుత్తమీఁద చూపుట యని సామెత కట్టిరి. 1939లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున జాన్ డాలర్డును ఆయన సహచరులును ఆశాభంగమునకును దౌర్జన్యమునకును గల సంబంధమునుగూర్చి గ్రంథము వ్రాసి, ఆ సంగతినే శాస్త్రపరిభాషలో చెప్పిరి. కోపము తెప్పించినవాఁడు శిక్షింపఁగల బలవంతుఁడైనచో, దెబ్బ బలహీనునివైపు తిరుగునని వారి సిద్ధాంతము. అనఁగా శిక్షాభయము చేతిని ఆపఁగలుగుచున్నదన్న మాట. ఒకరియెదుట ఆపఁగలిగినది మఱియొకరియెదుట ఆపరానిది యెట్లగును?

ఇఁక మహాపురుషుల సాక్ష్యము. 1932లో ఐన్‌స్టైను, మానవజాతిని యుద్ధమునుండి తప్పించు మార్గము కలదా యని సిగ్మండ్ ఫ్రాయిడునకు లేఖ వ్రాసెను. మానవుని వినాశప్రవృత్తిని సమూలముగా తొలఁగింపఁజూచుట వ్యర్థమని ఫ్రాయిడు బదులు వ్రాసెను. సాకులు వెదకువా రీ మాటను కంఠస్థము చేసిరి. కాని ఆ ప్రత్యుత్తర మంతటితో ముగియలేదు. మనుష్యుని మనుష్యునితో కలుపు ప్రతి స్నేహబంధమును యుద్ధమునకు విరోధి యనియు, నాగరకతను పెంచు ప్రతి కార్యమును యుద్ధమునకు ఎదురుగా పనిచేయుననియు ఆయనయే అందు వ్రాసియున్నాఁడు. వైద్యుఁడు "ఈ దేశమున దోమలు నశింపవు, కావున తెర కట్టుకొనుఁడు" అని చెప్పఁగా, మొదటి మాట విని రెండవ మాట వినకుండ లేచిపోయి, జ్వరము వచ్చినపుడు వైద్యుని పేరు చెప్పుకొనుట యెట్టిదో, వీరి పని అట్టిది.

జంతువుల నడవడిని పరిశీలించి 1973లో నోబెలు బహుమానము పొందిన కాన్రాడ్ లోరెంజు 1963లో ప్రకటించిన గ్రంథమున, దౌర్జన్యము లోపల తనంతట తాను నిండుచుండు శక్తి వంటిదని చెప్పెను. తొట్టిలో నీరు నిండినట్లు నిండును. ఏదో యొక తూము తెఱవకున్న గట్టు తెగునని దాని తాత్పర్యము. ఈ ఉపమానము సామాన్యులకు మిక్కిలి నచ్చినది. "ఆయనను అఱవనిమ్ము, ఆ పళ్లెము పగులఁగొట్టనిమ్ము, మనసు తేలికపడును" అని కోడండ్రకు బుద్ధి చెప్పు పెద్దమ్మలు లోరెంజును చదువకయే లోరెంజు శిష్యురాండ్రు. కాని పరీక్షింపఁగా ఈ తూము కథ నిలువలేదు. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుఁడు 2002లో ప్రకటించిన పరిశోధనలో 600 మంది విద్యార్థులకు మొదట కోపము తెప్పించెను. కొందఱిని తమ్ము నవమానించినవానిని తలఁచుకొనుచు ఇసుకసంచివంటి దిండును గ్రుద్దుఁడనెను. కొందఱిని ఊరక కూర్చుండఁబెట్టెను. గ్రుద్దినవారి కోపము తగ్గలేదు సరికదా, ఊరక కూర్చున్నవారికంటె వారే అధికముగా పగతీర్చుకొనఁ జూచిరి. కోపము వెళ్లఁబోసినకొలఁది తఱుగు నీరు కాదు. సాధన చేసినకొలఁది కుదురు విద్య. నేఁడు పళ్లెము పగిలిన యింట రేపు వీఁపు పగులుటకు ఆశ్చర్యపడ నేల?

విద్య యన్న మాట ఊరక వాడలేదు. 1961లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బాండురా మూఁడు మొదలు ఆఱేండ్ల లోపు ప్రాయముగల 72 మంది శిశువులను పరీక్షించెను. పడఁద్రోసినను లేచి నిలుచు గాలిబొమ్మ నొకదానిని పెద్దవారు సుత్తితో కొట్టుట, తన్నుట కొందఱు శిశువుల కన్నులఁబడునట్లు చేసెను. కొందఱికి ఆ బొమ్మజోలికి పోని పెద్దవారిని చూపెను. తరువాత ఆ శిశువులను బొమ్మతో విడిచినపుడు, కొట్టుట చూచినవారు అదే తీరున, అవే మాటలు పలుకుచు కొట్టిరి. శాంతముగా నున్నవారిని చూచినవారు అట్లు చేయలేదు. ఆ పిల్లల కెవ్వరును పాఠము చెప్పలేదు. చూచుటయే పాఠమైనది. తండ్రి తల్లిని కొట్టుచుండఁగా తలుపుచాటున నిలిచి చూచు బాలుఁడు ఏ పాఠశాలలోను నేర్వని చదువు నేర్చుకొనుచున్నాఁడు. ఇరువదియేండ్ల తరువాత వాఁడు ఆ పాఠమప్పగించినపుడు, "తండ్రిపోలిక, రక్తములో నున్నది" అందుము. రక్తములో నున్నదో, తలుపుసందులో నున్నదో ఎవ్వ రాలోచించిరి?

టెస్టోస్టిరోనుగూర్చియు నొక మాట చెప్పవలెను. స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున జరిగి 2010లో ప్రకటింపఁబడిన పరిశోధనలో కొందఱు స్త్రీలకు ఈ రసము నిచ్చిరి; కొందఱికి ఉత్త మాత్ర నిచ్చిరి. ఏది యెవరికో వారికి తెలియదు. పిదప ఇరువురు ధనము పంచుకొను ఆట ఆడించిరి. నిజముగా ఆ రసము పుచ్చుకొన్నవారు ఎదుటివారికి న్యాయమైన వాటా నిచ్చుటకే మొగ్గుచూపిరి. తమకు టెస్టోస్టిరోను ఇచ్చియుందురని నమ్మినవారు మాత్రము, అది పుచ్చుకొన్నను పుచ్చుకొనకున్నను, అన్యాయముగా పంచిరి. చదువరులు దీనిని రెండుమాఱులు చదువ వేఁడుచున్నాము. చెఱుపు చేసినది రసము కాదు; ఆ రసము చెఱుపు చేయునను నమ్మకము.

మద్యము విషయమునను ఇట్టిదే తేలినది. 1975లో ప్రకటించిన యొక అమెరికా పరీక్షలో, తాము పుచ్చుకొన్నది మద్యమని నమ్మిన పురుషులు, గ్లాసులో మద్యమున్నను లేకున్నను, ఎదుటివారిని అధికముగా బాధింప సిద్ధపడిరి. మద్యము వివేకమును మందగింపఁజేయుననుట నిజమే. త్రాగుడు గల యిండ్లలో దెబ్బలు హెచ్చనుటయు నిజమే. కాని త్రాగినవాఁడు వీధిలో పోలీసువానికి దండము పెట్టి, ఇంటిలో ఇల్లాలిపై చేయి యెత్తుచున్నాఁడనిన, మత్తులోను వానికి మనుష్యుల హోదా గుఱుతున్నదన్న మాట. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాదుకాణముపై తిరుగఁబడినపుడు "మగవారి స్వభావ మింతే" యని కూర్చుండలేదు. వారి యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో ప్రభుత్వము సారాను నిషేధింపవలసివచ్చినది. అక్షరములు దిద్దుచున్న ఆ పల్లెటూరి స్త్రీలకున్న తెలివి పట్టభద్రులకు కొఱవడుట శోచనీయము.

జన్యువాదుల కథ యింతకంటె విచిత్రము. 1965లో స్కాట్లండునందలి యొక భద్రతా వైద్యశాలలో నుంచఁబడిన పురుషులను పరీక్షించి, కొందఱిలో మగతనమును నిర్ణయించు వై యను క్రోమోసోము ఒకటి యధికముగా నున్నదని కనుగొనిరి. వెంటనే పత్రికలు "నేరస్థుని క్రోమోసోము దొరకెను" అని చాటినవి. 1976లో డెన్మార్కువారు వేలకొలఁది పురుషులను శోధించి చూడఁగా, అట్టివారు ఇతరులకంటె దౌర్జన్యపరులని తేలలేదు. అపవాదు మాత్రము చాలకాలము నిలిచినది. 1993లో హాలండులోని యొక కుటుంబమున దౌర్జన్యపు నడవడి గల పురుషులలో మోనోఅమీన్ ఆక్సిడేజు-ఏ యను ద్రవ్యమును కలిగించు జన్యువు చెడియున్నదని కనుగొనిరి. అంత "యోధుని జన్యువు" అను బిరుదము పుట్టినది. 2002లో న్యూజీలండులోని డ్యునెడిన్ పట్టణమున, పుట్టుకనుండి పరిశీలింపఁబడుచున్న పురుషులనుగూర్చి మఱియొక పరిశోధన ప్రకటింపఁబడినది. ఆ జన్యువు మందముగా పనిచేయువారిలో, బాల్యమున క్రూరముగా చూడఁబడినవారే పెద్దలై దౌర్జన్యమునకు దిగిరి. ఆదరముతో పెరిగినవారిలో అదే జన్యువున్నను అట్టి కీడు కానరాలేదు. తరువాత చేసిన పరీక్షలు కొన్ని దీనిని సమర్థించినవి, కొన్ని సమర్థింపలేదు. సమర్థించినవనియే యనుకొందము. అప్పుడైనను తేలిన దేమి? మందుగుండు బిడ్డలో నున్నను, నిప్పు పెట్టినది పెద్దవారి చేయి. "వీఁడు పుట్టుకతో మొండివాఁడు, కొట్టకున్న లొంగఁడు" అని కొట్టు తండ్రి, తాను భయపడు ఫలమును తానే పండించుకొనుచున్నాఁడు.

జంతువుల సాక్ష్యము వినవలెననువారికి రెండు కోఁతిగుంపుల కథ చెప్పెదము. 1925లో లండను జంతుప్రదర్శనశాలవారు కృత్రిమముగా నొక కొండ కట్టి, ఒకదాని నొకటి యెఱుఁగని సుమారు 100 బబూన్ కోఁతులను అందు విడిచిరి; వానిలో దాదాపుగా అన్నియు మగవే. 1927లో మఱి 30 ఆఁడుకోఁతులను చేర్చిరి. ఆ యిఱుకు కొండపై జరిగిన పోరాటములలో ఆఁడుకోఁతులనేకములు చీల్చఁబడి చచ్చినవి. లోకులు చూచి "ఇదియే ప్రకృతి" యనిరి. అది ప్రకృతి కాదు, చెఱసాల. రెండవ కథ కెన్యాదేశములోనిది. రాబర్ట్ సపోల్‌స్కీ యను శాస్త్రజ్ఞుఁడు పరిశీలించుచున్న యొక బబూన్ గుంపులో, 1980ల నడుమ, జగడగొండి మగకోఁతులు పొరుగు గుంపుతో పోరాడి ఒక యాత్రికవసతి పెంటకుప్పలోని మాంసము తిని, క్షయ సోఁకి చచ్చినవి. జగడమాడని మగవియు, ఆఁడువియు మిగిలినవి. ఆ గుంపు శాంతించినది. ఒకదాని వెండ్రుకల నొకటి దువ్వుకొనుట హెచ్చినది. ఇంతవఱకు ఆశ్చర్యము లేదు. బబూనులలో మగపిల్లలు యౌవనమున పుట్టిన గుంపును విడిచి వేఱు గుంపునకు పోవును. కావున పదేండ్లు గడచునప్పటికి ఆ గుంపులోని మగవన్నియు బయటినుండి వచ్చినవే. అయినను శాంతి నిలిచియేయున్నది! క్రొత్తగా వచ్చినవి ఆ యింటి మర్యాదను నేర్చుకొన్నవి. ఈ సంగతి 2004లో ప్రకటింపఁబడినది. కోఁతులు మర్యాద మార్చుకొనఁగా, కోఁతినుండి పుట్టితిమని చెప్పుకొను పట్టభద్రులు మార్చుకొనలేమనుట కోఁతిజాతికే అవమానము.

మనుష్యుల చరిత్రయు నిట్లే పలుకుచున్నది. పదునాలుగవ శతాబ్దిలో ఇంగ్లండున ఏఁటేఁట లక్షమందికి సుమారు 20 హత్యలు జరిగెడివని చరిత్రకారుల యంచనా; నేఁడచట అది లక్షకు సుమారు ఒకటి. ఆఱువందల యేండ్లలో ఆంగ్లేయుల గ్రంథులు కరఁగిపోలేదు. న్యాయస్థానములు వచ్చినవి, పగ తీర్చుకొనుట పౌరుషమను తలఁపు సన్నగిల్లినది. 1986లో స్పెయినుదేశపు సెవిల్ నగరమున సమావేశమైన 20 మంది శాస్త్రజ్ఞులు, యుద్ధము మానవుని జన్మసిద్ధమని చెప్పుట శాస్త్రీయముగా సరికాదని ప్రకటించిరి. 1989లో యునెస్కో దానిని లోకమంతట ప్రచారము చేయ నిశ్చయించినది.

ఇఁక మన యిండ్లకు వత్తము. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో స్త్రీలను ఏడు ప్రశ్నలడిగిరి. చెప్పకుండ బయటికి పోయినచో, ఇల్లును బిడ్డలను నిర్లక్ష్యము చేసినచో, ఎదురు చెప్పినచో, శయ్యకు నిరాకరించినచో, వంట సరిగా చేయకున్నచో, శీలముపై అనుమానము కలిగినచో, అత్తమామలను గౌరవింపకున్నచో భర్త కొట్టుట న్యాయమేనా యనునవి ఆ ప్రశ్నలు. వీనిలో ఒక్క కారణమునకైన నొప్పుకొన్న స్త్రీలు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి సుమారు 84 మంది. హిమాచలప్రదేశమున నూటికి సుమారు 15 మంది. ఆ యేడు ప్రశ్నలను మరల చదువుఁడు. ఇందు గ్రంథిరస మెక్కడ నున్నది? మెదడులోని బాదముపప్పు ఎక్కడ నున్నది? ఇవి ఏడు నేరములు, వానికొక శిక్ష, ఒక న్యాయాధిపతి. దెబ్బ ఉద్రేకము కాదు, తీర్పు. ఇల్లాలిని ప్రజగాను, భర్తను రాజుగాను చేసిన యొక శాసనము మన మనస్సులలో నున్నది; రక్తములో కాదు. రక్తములోనే యున్నచో హిమాలయపు చలికి అది గడ్డకట్టినదనవలెను!

అదే పరిశీలనలో భర్తచేత హింస ననుభవించితిమన్న వివాహిత స్త్రీలు ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది, తెలంగాణమున 37 మంది. 2015–16లో రెండు రాష్ట్రములందును సుమారు 43 మంది యుండిరి. ఈ తగ్గుదల చాలదు. అయినను అయిదాఱేండ్లలో ఏ జాతి రక్తమును మాఱదు. మాఱినది మఱియేదో కావలెను. మాఱునది మనచేతిలో నున్నది. అందుచేతనే ఈ రక్తవాదము అసత్యము మాత్రమే కాదు, అపాయకరము. మాఱదని నమ్మిన కోడలు ఓర్చుకొనును. మాఱదని నమ్మిన తల్లి కూఁతును తిరిగి అత్తవారింటికి పంపును. మాఱనక్కఱలేదని విన్న మగవాఁడు నిశ్చింతగా నిద్రించును.

ఉపాధ్యాయవృత్తిలోనున్న మేము మా వర్గమువారినిగూర్చి మౌనము వహించుట ధర్మము కాదు. దండమునకు పది గుణములున్నవని వల్లించుచు బెత్తము పట్టినవారు మాలో తక్కువవారు కారు. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ విభాగమున బాలుర శరీరమును కొట్టుటయు మనస్సును బాధించుటయు నిషేధింపఁబడినవి. అయినను "ఈ పిల్లల జాతియే అట్టిది, దెబ్బకు తప్ప దేనికిని లొంగరు" అను మాట నేఁటికిని ఉపాధ్యాయుల గదులలో వినవచ్చుచున్నది. ఈ మాట పట్నమున పెద్దల బిడ్డలు చదువు బడిలో వినరాదు; కూలివారి బిడ్డలు చదువు బడిలోనే వినవచ్చును. బెత్తమునకును మనుష్యుల హోదా తెలియును కాఁబోలు.

సంస్కృతము చదివిన కొందఱు భగవద్గీతనుకూడ ఈ వ్యాజ్యమునకు సాక్షిగా పిలుచుచున్నారు. ప్రాణులు తమ ప్రకృతినే యనుసరించును, నిగ్రహ మేమి చేయఁగలదు అను భావముగల శ్లోకము మూఁడవ యధ్యాయమున నున్నమాట నిజమే. కాని దాని వెంటనే వచ్చు శ్లోకమున, రాగద్వేషములకు వశుఁడు కారాదని, అవి మనుష్యునికి దారికాచిన శత్రువులని చెప్పఁబడినది. బలవంతముగా త్రోయఁబడినట్లు మానవుఁడు పాపమేల చేయుచున్నాఁడని అర్జునుఁడు ఆ యధ్యాయముననే యడుగును. కామక్రోధములే కారణమని ఉత్తరము వచ్చును. "కావున నీ తప్పు లేదు" అని కాదు ఆ యుపదేశపు ముగింపు. "కావున దానిని జయింపుము" అని. ప్రకృతిని తెలిసికొనుట లొంగుటకు కాదు, గెలుచుటకు. ఒక శ్లోకము చదివి పుస్తకము మూయువారికి గీతయు సైన్సును ఒక్కరీతిగానే యుపయోగపడును.

"అట్లయిన కోపమే కూడదా? అన్యాయమును చూచి ఊరకుండవలెనా?" అని అడుగువారు కలరు. మేమట్లనలేదు. భారతమున అరణ్యపర్వములో ద్రౌపది ధర్మరాజుతో వాదించుచు, ఎల్లప్పుడు కోపమును, ఎల్లప్పుడు ఓర్పును రెండును తగవని చెప్పును. సభలో అవమానింపఁబడినదానికి ఆ మాట చెప్పు నధికారము కలదు. దూబగుంట స్త్రీలదియు కోపమే. కాని కోపము వేఱు, దెబ్బ వేఱు. తనకంటె బలవంతుఁడైన యన్యాయపరునియెదుట నిలిచిన కోపము ధైర్యము. తనకంటె బలహీనునిపై పడిన కోపము పిఱికితనము. మెదడునకు నిజముగా జబ్బు చేసి తెలివి తప్పినవారును కొందఱుందురు. వారిని వైద్యునికి చూపవలెను. భార్యయెదుట మాత్రమే వచ్చి, మామగారి యెదుట రాని జబ్బునకు వైద్యుఁ డక్కఱలేదు.

ఆఁకలి నిప్పువలె, కోపమును మనతో పుట్టినదే కావచ్చును. నిప్పు ప్రతి యింటనున్నది. ఇల్లు కాలినపుడు నిప్పు స్వభావమును నిందించి ఊరకుండువారు లేరు. ఎవరి యజాగ్రత్త యని విచారింతుము. కావున చదువరులకు మా మనవి యిది. ఇంటిలో ఎవరైన చేయి యెత్తినపుడు "వాని స్వభావ మంతే" యను మాట పెద్దల నోట రాకుండునుగాక. మగపిల్లవాఁడు చెల్లెలిని కొట్టినపుడు "మగవాఁడుకదా" యని నవ్వుట మానుఁడు. అదియే వానికి తొలి పట్టము. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన బిడ్డకు సర్దుకొమ్మని నీతి చెప్పక, 2005 సంవత్సరపు గృహహింసా నిరోధక చట్టము ఆమెకు భర్త యింట నివసించు హక్కును, రక్షణోత్తరువు పొందు హక్కును ఇచ్చినదని చెప్పుఁడు. వెంట నిలిచి న్యాయస్థానమునకు నడువుఁడు. శిక్షాభయము గ్రంథుల నణఁచునో లేదో కాని, చేతిని అణఁచునని గుమాస్తా కథయే సాక్ష్యము.

రక్తమునకు నోరు లేదు. కావుననే ఎవరు ఏ నేరము మోపినను మోయుచున్నది. చేతిని కదల్చినవాఁడు నోరున్నవాఁడు. వాని నడుగుఁడు, వానిచేతనే ఉత్తరము చెప్పింపుఁడు.